మాత్రకూ కాఫీకీ మధ్య ముప్పావు గంట

మా కాఫీ పొడి అంగడి కె.ఆర్.పురంలో, పాత మద్రాసు రోడ్డు నుంచి స్టేషన్‌కు తిరిగే సందు మొదట్లో ఉంది. నాన్న పెట్టిన అంగడి. గింజలు మేమే వేయిస్తాం, మేమే పొడి కొడతాం, ఎవరింటి అలవాటును బట్టి వాళ్లకు చికోరీ కలిపి ఇస్తాం. వేయించే డ్రమ్ము నాన్న కాలం నాటిది. వేడి ఎంతుందో చూపించే ముల్లు ఎప్పుడో విరిగిపోయింది. గింజ ఎప్పుడు దించాలో ముక్కే చెప్పాలి. పచ్చి గింజ మొదట తడిగడ్డి వాసన వేస్తుంది. కాసేపటికి కాలుతున్న రొట్టె వాసన. ఆ తర్వాత ఒక్క నిమిషం మాత్రం అసలైన కాఫీ వాసన వస్తుంది. ఆ నిమిషం దాటితే మాడినట్టే. నాన్న పోయిన తర్వాత పద్దెనిమిదేళ్లు ఆ నిమిషాన్ని నేను ఎన్నడూ జారవిడవలేదు. నలభై ఏడో ఏట జారవిడవడం మొదలుపెట్టాను.

ఆ సంగతి నాకంటే ముందు కనిపెట్టింది ఒక రిటైరైన హెడ్‌మాస్టరు. కన్నడాయన. నాన్న దగ్గర్నుంచి మా పొడే తాగుతున్న మనిషి. జనవరిలో ఒక పొద్దున తలకు మంకీ క్యాప్, చేతిలో సగం వాడిన ప్యాకెట్‌తో వచ్చి, దాన్ని కౌంటరు మీద పెట్టాడు.

"ఇదేనప్పా, కాఫీనో ఇద్దిలో?" అన్నాడు.

ఇదేమిటయ్యా, కాఫీయా బొగ్గా అని. నేను నవ్వి ప్యాకెట్ విప్పి వాసన చూశాను. నాకేమీ తెలియలేదు. మంచి వాసనా రాలేదు, చెడ్డ వాసనా రాలేదు. జలుబు చేసిందేమోలే అనుకుని ఇంకో ప్యాకెట్ ఇచ్చి పంపించాను. వారం తిరిగేసరికి అదీ వెనక్కి వచ్చింది. తర్వాత ఇంకో ఇద్దరు అదే మాట అన్నారు. నేను గింజలు పంపే ఆయనతో ఫోన్లో పోట్లాడాను. గ్యాస్ మంట సరిగా లేదని బర్నరు మార్పించాను. తప్పు గింజదో మంటదో అనుకున్నాను గాని నా ముక్కుదని ఒక్కసారి కూడా తోచలేదు.

ఒంట్లో మార్పులు అంతకు ముందే మొదలయ్యాయి. ఏదీ రోగంలా కనిపించలేదు. పదకొండయ్యేసరికి స్టూలు మీద కూర్చునే కునికేవాణ్ణి. మార్చి నెల ఎండలో స్వెట్టరు వేసుకునేవాణ్ణి. చెప్పులు బిగుతయ్యాయి, చొక్కాలు బిగుతయ్యాయి, ముఖం పొంగిన పూరీలా తయారైంది. మాట తీయడానికి కూడా బద్ధకం. మా అమ్మ మాత్రం సంతోషపడింది.

"ఒళ్లు చేసినాడు నా కొడుకు. వాళ్ల నాయన కూడా ఈ వయసులో ఇట్లనే ఉండె. బాగుండాడు," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

నా భార్యది ఆనేకల్ దగ్గర నేతవాళ్ల ఇల్లు. నిదానస్తురాలు. తొమ్మిది గంటలకు అంగడికి వచ్చి పొట్లాలు కట్టేది, మధ్యాహ్నం వంటకు వెళ్లిపోయేది. ఆ రోజుల్లోనే ఒకసారి డ్రమ్ము పక్కగా పోతూ, "ఈ పొద్దు రవ్వంత ఎక్కువ మాడినట్టుండాది," అంది. అప్పటికే ఇద్దరు కొనేవాళ్ల మాటలు పడి ఉన్నాను. "ఇన్నేళ్లుగా నువ్వే ఏపుతా ఉండావా?" అని నలుగురి ముందూ గట్టిగా అరిచాను. ఆమె పొట్లాలకు దారం చుట్టుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత మాడిందన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె ఊరుకుందంటే నేను చెప్పిందే సరైందని అనుకున్నాను.

నా జబ్బును పట్టుకున్నది ఒక నర్సక్క. ప్రకాశం జిల్లా నుంచి ముప్పై ఏళ్ల కిందట నర్సు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. పదేళ్లుగా మా దగ్గరే పొడి తీసుకుంటుంది. ఆదివారం చర్చి అయ్యాక ఆడవాళ్లందరికీ ఆమే కాఫీ కలుపుతుందట, అందుకని శనివారం వచ్చి అర కిలో పట్టుకుపోతుంది. ఏప్రిల్‌లో ఒక శనివారం రావడం కుదరక ఫోన్ చేసింది. నేను ఎత్తి "హలో" అన్నాను.

"పెద్దాయనా, నమస్కారమండీ. అంగట్లో ఉండే తమ్ముణ్ణి ఒకసారి పిలవండి," అంది.

"అక్కా, నేనే."

"నువ్వా? ఆ గొంతేంటి తమ్ముడూ, బావిలోంచి వస్తున్నట్టు?"

ఆ సాయంత్రం పనిగట్టుకుని వచ్చింది. వచ్చి పొడి అడగలేదు. కౌంటరు మీదికి వంగి నా చెయ్యి పట్టుకుని తోలు గోకి చూసింది. కింది రెప్ప లాగి చూసింది. నాలుక చాపమంది. చాపాను.

"కనుబొమ్మల చివర్లు ఏమైపోయాయి?"

నాకు కనుబొమ్మలకు చివర్లు ఉండేవన్న సంగతే గుర్తులేదు. ఆమె వెనక ఇద్దరు కాలేజీ పిల్లలు, ఒక ఆటో డ్రైవరు నిలబడి ఉన్నారు.

"చలిగా ఉంటోందా?"

"ఊఁ."

"విరేచనం రోజూ అవుతుందా?"

నేను తల వంచుకున్నాను. కాలేజీ పిల్లలు పైకప్పు చూడసాగారు. ఆటో డ్రైవరు మాత్రం, "చెప్పేయండి సార్, ఇట్లాంటియి దాచిపెట్టకూడదు," అని ధైర్యం చెప్పాడు.

"సోమవారం పొద్దున రక్తం ఇచ్చిరా. థైరాయిడ్ చూడమను. పోకపోతే మీ ఆవిడకు చెప్తాను," అని అప్పుడు అర కిలో పొడి అడిగి తీసుకుపోయింది.

సోమవారం రక్తం ఇచ్చాను. రిపోర్టులో టీఎస్‌హెచ్ అన్న అంకె పక్కన ఎర్ర గుర్తు ఉంది. ఉండాల్సినదాని కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. నా భార్యను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. చిన్న వయసు అమ్మాయి, విజయవాడ వైపు మనిషి, మాటలో సగం ఇంగ్లీషు. గొంతు ముందు వైపున చిన్న గ్రంథి ఉంటుందని, ఒంట్లో ప్రతి పనీ ఎంత వేగంగా నడవాలో అదే చెప్తుందని, నా ఒంట్లో అది నెమ్మదించిందని బొమ్మ గీసి చూపించింది.

"మెదడు పైనుంచి పని చెయ్యి, పని చెయ్యి అని ఆర్డర్ పంపిస్తూ ఉంటుంది. ఈ పెరిగిన నంబర్ అదేనండి. గ్లాండ్ మాత్రం కదలట్లేదు."

"ఇది ఆడవాళ్లకొచ్చేది కదమ్మా, మగవాళ్లకు కూడా వస్తుందా?"

"ఆడవాళ్లకే ఎక్కువ. కానీ గొంతు అందరికీ ఉంటుంది కదండీ," అంది.

నా భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వగా చూసి చాలా రోజులైందని అప్పుడు గుర్తొచ్చింది. ముక్కుకు వాసన తెలియడం లేదని చెప్తే, అది కూడా దీనివల్ల కావొచ్చని, మందు పట్టాక తిరిగి రావచ్చని డాక్టరు చెప్పింది. ఆ మాట విన్నాక నా ప్రాణం కుదుటపడింది. రోజుకొక మాత్ర. పొద్దున లేవగానే, పరగడుపున, ఉత్త నీళ్లతో. తర్వాత ముప్పావు గంట దాకా టీ గాని కాఫీ గాని టిఫిన్ గాని నోట్లోకి పోకూడదు. నేను బుద్ధిగా తలూపాను.

ఇక్కడ మా అంగడి ఆచారం ఒకటి చెప్పాలి. పొద్దున అయిదూ ముక్కాలుకు షట్టరు సగం ఎత్తి, ముందు రోజు సాయంత్రం వేయించిన గింజ కొంచెం పొడి కొట్టి, డికాషన్ తీసి, పాలూ చక్కెరా లేకుండా రెండు గుక్కలు తాగాలి. నువ్వు నోట్లో పెట్టుకోనిది ఇంకొకరి చేతిలో పెట్టొద్దని నాన్న చెప్పేవాడు. ఆరు గంటలకు స్టేషన్‌కు పోయేవాళ్లు, వాకింగ్ వాళ్లు, టిఫిన్ హోటళ్లవాళ్లు వచ్చేస్తారు. కాబట్టి అయిదున్నరకు ఇంట్లో మాత్ర వేసుకోవడం, అయిదూ ముక్కాలుకు అంగట్లో రెండు గుక్కలు కాఫీ. డాక్టరు వద్దన్నది కాఫీ తాగడాన్ని. నేను చేస్తున్నది రుచి చూడటం. నాకు వాసనే తెలియనప్పుడు ఆ రుచి ఏం తెలుస్తోందని మీరు అడగొచ్చు. చేదు ఒక్కటి తెలిసేది. అయినా ఆచారం మానలేదు.

ఇంట్లో మాత్రం పథ్యం జోరుగా మొదలైంది. "ఆడోళ్ల రోగం నీకెట్ల వచ్చెనప్పా?" అని అమ్మ రెండు రోజులు బాధపడి, మూడో రోజు నుంచి పక్కింటావిడ ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టింది. మొదట క్యాబేజీ పోయింది. దాని వెంట కాలీఫ్లవర్, ముల్లంగి, నూల్‌కోల్ పోయాయి. వేరుశనగలు పోయాయి కాబట్టి చట్నీ పోయింది. ఒకరోజు ఎవరో చిరుధాన్యాలేవీ మంచివి కాదన్నారని రాగి ముద్ద కూడా పోయింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. మూడు పూటలు ముద్ద తిని పెరిగిన వంశం మాది. వరసగా సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, మళ్లీ సొరకాయ. దానికి తోడు ధనియాలు నానబెట్టిన నీళ్లు.

"ఈ నీళ్లు తాగితే మాత్రే అక్కరలేదంట," అంది అమ్మ.

"అట్లని మాత్ర మానిపించొద్దు అత్తా," అంది నా భార్య. "నీళ్లు నీళ్లే, మాత్ర మాత్రే. రెండూ పోనీ లోపలికి."

ఆ ఒక్క మాట మీద ఆమె గట్టిగా నిలబడింది గనుక మాత్ర ఒక్కరోజు కూడా ఆగలేదు.

రెండు నెలలకు మళ్లీ రక్తం ఇచ్చాం. అంకె తగ్గింది గాని, తగ్గిందని చెప్పుకునేంత తగ్గలేదు. డాక్టరు కాగితం అటూ ఇటూ తిప్పింది.

"రోజూ వేసుకుంటున్నారా?"

"ఒక్కరోజు మానలేదమ్మా."

"కాల్షియం, ఐరన్ మాత్రలేమైనా? గ్యాస్‌కు ఏమైనా?"

"ఏమీ లేవు."

"వేసుకున్నాక ముప్పావు గంట ఏమీ తీసుకోవట్లేదు కదా?"

"లేదమ్మా," అన్నాను. అబద్ధం చెప్తున్నానని అప్పుడు కూడా నాకు తెలియలేదు. పాపం ఆమె ఇంకేం చేస్తుంది, డోసు పెంచింది. ఇంతలో నా భార్య చీటీ తీసి మా ఇంట్లో మానేసిన కూరలన్నీ చదివింది. డాక్టరు నోరు తెరుచుకుని విన్నది.

"ఇవన్నీ ఎవరు మానేయమన్నారు? క్యాబేజీ ఉడికించి, అందరూ తిన్నట్టే తినండి. అయోడిన్ ఉప్పు వాడుతున్నారు కదా, అది చాలు. సోయా ఒక్కటి మాత్ర దగ్గర్లో వద్దు. బేకరీ తగ్గించండి, నూనె తగ్గించండి, రోజూ నడవండి. తిండితో మాత్ర పని జరగదు. అలాగని తిండి మీద భయం పెట్టుకుంటే ఎలా?"

"రాగి ముద్ద?" అన్నాను. కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాను.

"సుబ్బరంగా తినండి."

ఆటో ఎక్కగానే నా భార్య ఇంటికి ఫోన్ చేసింది. "అత్తా, ముద్ద తినొచ్చంట!" అవతల అమ్మ వేసిన కేకకు ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. ఆ మధ్యాహ్నం ముద్ద, దాంట్లోకి ఆకుకూరలతో కాచిన సొప్పు సారు. వాసన తెలియకపోయినా నాకది పండగ భోజనమే.

డోసు పెరిగిన మూడో వారంలో నా ఆచారం బయటపడింది. నర్సక్క సెలవుకు ఊరికి వెళ్లి తిరిగొస్తూ, తెల్లవారే రైల్లో కె.ఆర్.పురంలో దిగింది. ఇంట్లో పొడి లేదని గుర్తొచ్చి, సూట్‌కేసు లాక్కుంటూ నేరుగా అంగడికి వచ్చింది. సగం ఎత్తిన షట్టరు కింద నుంచి వంగి చూసేసరికి నేను గ్లాసు ఎత్తి రెండో గుక్క మింగుతున్నాను.

"మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నానక్కా, అయిదున్నరకే."

"మరి చేతిలో అదేంటి?"

"రుచి చూస్తున్నాను."

"మింగావా?"

"మింగకపోతే రుచి ఎట్లా తెలుస్తుందక్కా?"

ఆమె సూట్‌కేసు మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"రోజూనా?"

"రోజూ."

"ఓరి దేవుడా! కాఫీ పడితే ఆ మాత్ర ఒంటికి సరిగా పట్టదు తమ్ముడూ. ఇన్నాళ్లూ మందు మింగి, దాని మీద నీళ్లు చల్లుకున్నట్టు చేశావు. ఆ అమ్మాయికి అబద్ధం చెప్పావు కాబట్టి డోసు పెంచింది. రేపు నువ్వు బుద్ధిగా కాఫీ ఆపితే ఆ పెరిగిన డోసు ఒక్కసారిగా పట్టుకుని గుండె దడ పుడితే ఎవరిది పూచీ? ఈ రోజే వెళ్లి నిజం చెప్పు."

నిజం చెప్పడం నేననుకున్నంత కష్టం కాలేదు. డాక్టరు రెండు చేతులతో తల పట్టుకుని, "సార్, మీరు కాఫీ అంగడి నడుపుతారని నాకు ముందే చెప్పి ఉంటే మొదటి ప్రశ్న అదే అడిగేదాన్ని," అంది. డోసు మళ్లీ పాతదానికి దించి, ఆరు వారాల తర్వాత రమ్మంది.

ఇక మిగిలిన చిక్కు, పొద్దున రుచి చూడటం ఎలాగన్నది. నాలుగూ ముక్కాలుకే లేచి మాత్ర వేసుకుంటే సరిపోతుందని లెక్క వేశాను. రెండు రోజులు లేచాను. మూడో రోజు అలారం మోగి మోగి పక్కింటివాళ్లు లేచారు గాని నేను లేవలేదు. నా జబ్బే నిద్ర జబ్బు కదా.

"నేను పోయి చూస్తాలే," అంది నా భార్య.

నాకు నవ్వొచ్చింది. పెళ్లై ఇరవై రెండేళ్లు. ఆమె పొద్దున తాగేది రాగి గంజి. కాఫీ తాగినా, పాలల్లో డికాషన్ చుక్కలు వేసుకునే రకం. అయినా వేరే దారి లేదు. మర్నాడు ఇద్దరం కలిసి వెళ్లాం. నేను డికాషన్ తీసి గ్లాసులో పోసి ఇచ్చాను. ఒక గుక్క నోట్లోకి తీసుకుని, ముఖం చిట్లించి, మింగింది.

"మాడిండాది."

"ఎంత?"

"నిన్నటిది ఒక నిముసం. మొన్నటిది ఇంకా ఎక్కువ. పోయిన నెలంతా మాడిందే."

"నీకెట్ల తెలుసు?"

"ఇంటికి తెచ్చే డబ్బా మూత నేనే కదా తీసేది. వాసన రాదా?"

"మరి చెప్పలేదే?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. నా వైపు చూడలేదు.

"చెప్తిని ఒకసారి. ఇనేటట్ల ఉంటిరా మీరు? అందరి ముందర అరిచితిరి. మళ్లీ చెప్పే పని నాకేమి?"

ఆ అరిచిన రోజు మొత్తం నాకు కళ్ల ముందుకొచ్చింది. దారం చుట్టుకుంటూ కూర్చున్న ఆమె చేతులు కూడా. జబ్బు నా ముక్కునే కాదు, నా బుద్ధిని కూడా మొద్దుబార్చిందని చెప్పుకోవచ్చు. కానీ అరిచింది జబ్బు కాదు, నేను. మా ఇళ్లలో మగవాళ్లు ఆ మాట అనడం తక్కువ. అయినా అన్నాను.

"తప్పు నాదే."

ఆమె ఫిల్టరు కడిగి బోర్లించింది. చేతులు కొంగుకు తుడుచుకుని, "సరే, డ్రమ్ము వెలిగించండి," అంది.

ఆ పొద్దున నేను మంట చూసుకున్నాను, ఆమె డ్రమ్ము మూత దగ్గర నిలబడింది. నేను నేర్పబోయాను. తడిగడ్డి వాసన వస్తుంది చూడు అన్నాను. "గడ్డి కాదు. గంజి పెట్టిన నూలు ఆరేటప్పుడు వచ్చే వాసన," అంది. రొట్టె అన్నాను. "ఊఁ, రొట్టే." తర్వాత నేను నోరు మూసుకున్నాను. గింజలు చిట్లడం మొదలైంది. ఆమె కళ్లు మూసుకుని నిలబడింది. చప్పుడు పలచబడింది. నా లెక్కలో ఇంకా సమయం ఉంది.

"దించండి!" అంది.

దించాను. పళ్లెంలో పడిన గింజలు నిగనిగలాడే గోధుమరంగులో ఉన్నాయి. నేను నెలల తరబడి దించిన నల్ల గింజలు గుర్తొచ్చి సిగ్గేసింది. హెడ్‌మాస్టరు ఆ వారం వచ్చినప్పుడు, కొత్తగా కొట్టిన పొడి ఆయన అరచేతిలో వేశాను. వాసన చూశాడు. ఎప్పుడూ పావు కిలో తీసుకునే మనిషి అర కిలో కట్టమన్నాడు.

అప్పటి నుంచి అయిదూ ముక్కాలుకు ఆమె అంగడికి, నేను నడకకు. మాత్ర వేసుకున్న తర్వాత ముప్పావు గంట ఖాళీగా కూర్చోవడం కంటే నడవడం మేలు. సంత వీధి మీదుగా చెరువు దాకా పోయి, తిరిగి అంగడికి. మొదటి వారంలో సంత దాటేసరికే ఆయాసం. నాలుగో వారంలో చెరువు చేరాను. ఆరు వారాలకు అంకె దారిలో పడింది, ఇంకో రెండు నెలలకు ఉండాల్సిన చోటికి వచ్చింది. నా గొంతు నాకు తిరిగొచ్చింది. స్వెట్టరు పెట్టెలోకి పోయింది. బరువు మాత్రం పెళ్లివారి చుట్టంలా, పొమ్మన్నా నిదానంగా కదిలింది. అమ్మకు అదొక్కటే బాధ. "చిక్కిపోయినావప్పా," అంటుంది ఇప్పటికీ.

ముక్కు అన్నిటికంటే ఆలస్యంగా తెరుచుకుంది. అక్టోబరులో ఒక పొద్దున సంత వీధిలో నడుస్తున్నాను. ముందు రోజు సంత జరిగింది. మిగిలిపోయిన కూరగాయలన్నీ మూలన కుప్ప పోసి ఉన్నాయి, వాటి మీద రాత్రి వాన పడింది. అది దాటుతుండగా ఏదో నా ముఖం మీద కొట్టినట్టైంది. ఆగిపోయాను. కుళ్లిన క్యాబేజీ! దాని వెనక కుళ్లిన టమాటా. దాని వెనక తడి గోనెసంచి. ఒక్కొక్కటీ విడివిడిగా తెలుస్తోంది. చెత్తకుప్ప ముందు నిలబడి, ఛాతీ నిండా గాలి పీల్చాను. మళ్లీ పీల్చాను.

చీపురుతో ఊడుస్తున్న కార్పొరేషన్ ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. "ఏనాయ్తణ్ణా?" అని అడిగింది, ఏమైందన్నా అని.

"వాసనె బర్తా ఇదె!" అన్నాను. వాసన వస్తోంది అని.

"బర్దే ఇరుత్తా?" అంది. రాకుండా ఉంటుందా అని. ఉండదని ఆమె అనుకుంటోంది, ఉంటుందని నాకు తెలుసు. ఆమెకు వివరంగా చెప్పాలనిపించింది గాని, అప్పటికే ఆమె చీపురు ఎత్తింది.

అంగడి దాకా దాదాపు పరిగెత్తాను. నా భార్య మొదటి డ్రమ్ము వేయిస్తోంది. సందు మలుపు దగ్గరే కాఫీ వాసన ఎదురొచ్చింది. పది నెలల తర్వాత. లోపలికి పోయి, ఆమె పక్కన నిలబడి, పాత అలవాటుగా "దించు!" అన్నాను.

"ఇంకా లేదు," అంది, నా వైపు చూడకుండానే.

"అయిపోయింది, నాకు వాసన వస్తా ఉండాది!"

అప్పుడు చూసింది. నా ముఖం చూసి సంగతి అర్థం చేసుకుంది. కళ్లు పెద్దవి చేసి నవ్వింది. అయినా డ్రమ్ము పిడి మీద నుంచి చెయ్యి తీయలేదు. అర నిమిషం ఆగి, "ఇప్పుడు," అంది. ఆ అర నిమిషంలో వాసన ఇంకో మెట్టు ఎక్కడం నాకు తెలిసింది. నేను పట్టుకునే నిమిషంలో మొదటి సగం నాది, రెండో సగం ఆమెది. ఆమెదే మేలు. ఆ రోజు నుంచి డ్రమ్ము ఆమె చేతిలోనే ఉంది. నేను మంట, మిల్లు, కౌంటరు చూసుకుంటాను. మాడిందని మా ప్యాకెట్ మళ్లీ వెనక్కి రాలేదు.

ఒళ్లు బాగుపడ్డాక నాకు ఇంకో జబ్బు పట్టుకుంది. కౌంటరుకు వచ్చినవాళ్లందరి మెడలు, కనుబొమ్మలు చూడటం. ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ రోజూ ఉబ్బిన కళ్లతో, ఆవలిస్తూ వస్తుంటే, "సార్, ఒకసారి థైరాయిడ్ చూపించుకోండి," అని గట్టిగా చెప్పాను. ఆయన నిలువునా బెదిరిపోయాడు. తర్వాత తెలిసింది, వాళ్లింట్లో కవల పిల్లలు పుట్టి నెలన్నర అయిందట, నిద్రలేదు, అంతే. నర్సక్కకు ఈ సంగతి తెలిసి, "నువ్వు పొడి కొట్టు తమ్ముడూ, మేము జబ్బులు చూస్తాం," అంది.

కానీ నా ఉపదేశాలన్నీ శ్రద్ధగా విన్న మనిషి ఒకరున్నారు. మా అమ్మ. ఒకరోజు అన్నం తింటూ వేళ్లు మడిచింది. "చలి ఉండాది. మతిమరుపు ఉండాది. మోకాళ్లు నొస్తా ఉండాయి. నాకూ ఉండాదప్పా ఆ థైరాయిడ్. పిల్చుకొని పో."

నా ఆరు నెలల పరీక్షకు ఆమెనూ తీసుకెళ్లాను. ఈ పరీక్షకు పస్తు ఉండనక్కర్లేదని చెప్పినా వినక, ముందు రోజు సాయంత్రం నుంచే ఏమీ తినకుండా, పట్టుచీర కట్టుకుని వచ్చింది. రిపోర్టులు వచ్చాయి. నా అంకె బాగుంది. అమ్మది నా దానికంటే బాగుంది.

"మీకేమీ లేదమ్మా. ఫస్ట్ క్లాస్‌గా ఉన్నారు," అంది డాక్టరు.

అమ్మ ముఖం మాడిపోయింది. "మాత్ర ఏమీ రాయవా తల్లీ?"

"అవసరం లేదండీ."

"సరిగ్గా చూడు ఒకసారి."

డాక్టరు నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. ఆమె కొంచెం ఆలోచించి, చీటీ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అమ్మ చేతికిచ్చింది. రోజూ పొద్దున లేవగానే ఒక గ్లాసు నీళ్లు, తర్వాత కాసేపు వాకిట్లో నడక. అమ్మ ఆ చీటీని రెండు మడతలు పెట్టి చేతి సంచీలో దాచుకుంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మళ్లీ తీసి చదువుకుంది.

ఇప్పుడు అయిదున్నరకు నేను మాత్ర నోట్లో వేసుకుంటుంటే అమ్మ నా ఎదురుగా కూర్చుని తన గ్లాసు నీళ్లు తాగుతుంది. ఆమెకు ఏ అడ్డూ లేదు, వెంటనే కాఫీ తాగొచ్చు. ఎన్నిసార్లు చెప్పినా వినదు. మొన్న నేను నడకకు పోయి, అంగట్లో ఒక చూపు చూసి ఇంటికొచ్చేసరికి ఆమె వాకిట్లో కుర్చీ వేసుకుని, తలుపులోంచి లోపలి గోడ గడియారం వైపే చూస్తోంది. పక్కింటావిడ ఏదో అడిగితే, "నాకూ డాక్టరు రాసిచ్చిందమ్మా," అని చెప్తోంది. నేను డికాషన్‌లో వేడిపాలు పోసి, గ్లాసు తెచ్చి ఆమె చేతికివ్వబోయాను.

"ఆడ పెట్టు," అంది. "ఇంకా రెండు నిముసాలుండాది."